శునకముతో విదేశయానము



దూరదేశమునకు కాపురము తరలించుట గృహస్థునకు పెద్ద పరీక్ష. ఇంటనున్న ప్రతి వస్తువును చేతికి తీసికొని "దీనిని కొనిపోవలెనా, విడువవలెనా?" అని ప్రశ్నించుకొనవలసి వచ్చును. రుబ్బురోలు ఆగిపోవును; ఆవకాయ జాడీ పయనమగును; పుస్తకములలో సగము మిత్రుల పాలగును. విడువబడినందుకు ఆ వస్తువులు దుఃఖింపవు. కాని ఆ ఇంట నొక కుక్క యున్నచో, ప్రశ్న దానివద్దకు వచ్చినప్పుడు దాని స్వరూపమే మారిపోవును. "నేనును వచ్చెదను" అని చెప్పుటకు దానికి నోరు లేదు. పెట్టెలు కట్టుచుండగా వాని నడుమ తిరుగుచు, ప్రతి పెట్టెను వాసన చూచి యజమానుని ముఖమువంక చూచుట మాత్రమే అది చేయగలిగిన పని.

మన తెలుగువారు నేడు ప్రపంచమందంతటను నివసించుచున్నారు. పెంపుడు కుక్కను వెంట గొనిపోవుట సాధ్యమా, సాధ్యమైనచో ఎట్లు, అసలు ఏల కొనిపోవలెను అను మూడు సంగతులను మా కుటుంబమున జరిగిన యొక ప్రయాణమును ఆధారముగా గొని నేడు మనవి చేయదలచితిని.

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. తిక్కన సోమయాజి తెనిగించిన పదునైదు పర్వములలో మహాప్రస్థానికము మిక్కిలి చిన్నవానిలో నొకటి. పాండవులు ద్రౌపదితోగూడ హస్తినాపురమును విడిచి బయలుదేరిన నాడు వారివెంట నొక కుక్క నడచినది. త్రోవలో ద్రౌపది పడినది. సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిరి. కుక్క పడలేదు. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమని ధర్మరాజుతో చెప్పెను. నమ్మి వచ్చినదానిని విడుచుట శరణాగతుని విడుచుటతోను మిత్రద్రోహముతోను సమానమని ధర్మరాజు స్వర్గమునే వలదనెను. ఆ కుక్క యమధర్మరాజే యని పిదప తెలియవచ్చును. కాని విడువనని పలికినప్పుడు ధర్మరాజునకు ఆ సంగతి తెలియదు. ఆయన దృష్టికి అది వట్టి కుక్కయే. ఆ మాటకు విలువ కలిగినది అందువలననే అని ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో పిల్లలకు చెప్పుచు వచ్చితిని.

అయితే కథ చెప్పుట సులభము. మా వీధిలో కొన్ని యేండ్ల క్రిందట నొక కుటుంబము విదేశమునకు తరలిపోయినది. వారు క్రూరులు కారు. కుక్కను ముద్దుగా పెంచినవారే. చివరి వారమున దానిని ఎవరికైన అప్పగింతమనుకొనిరి. చివరి వారమున తీరిక చిక్కలేదు. కాపలావానికి కొంత ధనమిచ్చి, చూడుమని చెప్పి పోయిరి. ఆ కుక్క పదునొకండు దినములు తాళము వేసిన గుమ్మమును విడువలేదు. వీధివారు పెట్టిన అన్నము తినుటకు పోయినను, నాలుగు ముద్దలు మింగి, ఇంతలో తలుపు తెరచిరేమో యన్నట్లు పరుగున తిరిగి వచ్చెడిది. పండ్రెండవ దినమున కనబడలేదు. ఆ కుటుంబమునకు ప్రేమ కొరత లేదు, ముందుచూపు కొరవడినది.

మా కుమారునకు ఇంగ్లాండు ఉత్తరభాగమున ఉద్యోగము నిశ్చయమైనప్పుడు ప్రయాణమునకు తొమ్మిది నెలలు గడువుండెను. అతని భార్య, తొమ్మిదేండ్ల కూతురు, ఆరేండ్ల కుక్క, ఇది సంసారము. కుక్క జాతికుక్క కాదు. హైదరాబాదులో నొక వానకాలపు రాత్రి మోటారుబండి క్రింద వణకుచు దొరికిన ఊరకుక్క పిల్ల. నేనే భైరవుడని పేరు పెట్టితిని. బంధువులందరు కూడినప్పుడు నా కోడలి అన్నగారు, "కుక్క కోసం ఇంత డబ్బు పోస్తారా? అక్కడికి వెళ్ళాక కొత్తది కొనుక్కోవచ్చు గదా!" అనెను. ఆయన మాటలోను లోకజ్ఞానము లేకపోలేదు. తుదకు వానికైన బాడుగ మనుష్యుల టిక్కెట్లన్నిటికంటె అధికమైనది.

ఆనాటి రాత్రి మనుమరాలు నా ప్రక్కకు వచ్చి అడిగినది: "తాతయ్యా, కుక్కలు ఎన్నేళ్ళు బతుకుతాయి?"

"బాగా చూసుకుంటే పదిహేనేళ్ళ దాకా బతకవచ్చునమ్మా."

"వీడికి ఆరు వెళ్ళాయి. మిగతా తొమ్మిదేళ్ళూ ఎక్కడుంటాడు?"

గణితము చెప్పిన ఉపాధ్యాయుడనేయైనను ఆ తీసివేతకు నాయొద్ద సమాధానము లేదు. నాయొద్ద నుంచుటను గూర్చియు ఆలోచించితిమి. నాకు అరువదియారేండ్లు, మోకాళ్ళు మాట వినవు, వానికి దినమునకు రెండుమారులు గంటసేపు పరుగు కావలెను. వాని తొమ్మిదేండ్లకు నా తొమ్మిదేండ్లు పూచీ పడజాలవు. కావున కొనిపోవుటయే నిశ్చయమైనది.

ధర్మరాజునకు ఇంద్రుడొక్కడే అడ్డుపడెను. మా భైరవునకు ఐదు ద్వారములు అడ్డుపడెను. అవి ఏమియో చెప్పుటకు ముందు ఏల యున్నవో చెప్పవలెను. కారణము తెలియనివానికి నియమము పీడగా తోచును.

రేబీసు, అనగా పిచ్చికుక్క కాటువలన కలుగు వ్యాధి, లక్షణములు బయటపడిన పిదప దాదాపు ఎవ్వరిని బ్రతుకనీయదు. 1885 జూలై నెలలో పారిసు నగరమున లూయీ పాశ్చరు మహాశయుడు కుక్క కరచిన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునకు టీకా వేయించి కాపాడెను. మన దేశమున 1900లో కసౌలీయందును, 1907లో దక్షిణమున కూనూరునందును పాశ్చరు పేర సంస్థలు వెలసెను. నా బాల్యమున "బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు" అను మాట విన్న పిల్లలు కుక్కకంటె ఆ సూదులకే ఎక్కువ భయపడెడివారు. నేడు ఆ సూదులు పోయి చేతికి వేయు మంచి టీకాలు వచ్చినవి. ఐనను ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అంచనా ప్రకారము ఏటా సుమారు 59,000 మంది ఈ వ్యాధికి బలియగుచున్నారు. వారిలో అత్యధికులు ఆసియా, ఆఫ్రికా ఖండములవారు. మన దేశపు పాలు అందు పెద్దది.

బ్రిటను ద్వీపము 1902 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించుకొనినది. 1918లో, మొదటి ప్రపంచయుద్ధము ముగియు సమయమున, రణభూమినుండి తిరిగివచ్చు సైనికులు రహస్యముగా తెచ్చిన కుక్కలవలన అది మరల ప్రవేశించినది. దానిని వెడలగొట్టుటకు 1922 వరకు పట్టినది. ఆ సైనికులును క్రూరులు కారు. కందకములలో తోడున్న కుక్కను విడువలేక తెచ్చుకొనినవారే. చూడుడు: ఒకచోట ప్రేమించినవారు సిద్ధపడక కుక్కను విడిచిరి, ఒకచోట ప్రేమించినవారు సిద్ధపడక కుక్కను తెచ్చిరి. రెండుచోట్లను హాని కలిగినది.

అందుచేత ఆ దేశమువారు పరదేశమునుండి వచ్చు కుక్కను ఆరు నెలలు క్వారంటీనులో, అనగా నిర్బంధవాసములో నుంచెడివారు. 2000 సంవత్సరమున కొన్ని దేశముల కుక్కలకును, 2012 జనవరినుండి మన దేశమువంటి దేశముల కుక్కలకును ఆ నిర్బంధము తొలగినది. దానికి బదులుగా పరీక్షలన్నియు స్వదేశముననే ముగించుకొని రావలెనని విధించిరి.

మొదటి ద్వారము మైక్రోచిప్. బియ్యపుగింజంత గాజుగొట్టమును సూదితో మెడవెనుక చర్మము క్రింద నుంతురు. అందు బ్యాటరీ యుండదు. పరికరమును దగ్గరకు తెచ్చినప్పుడు దానినుండి వచ్చు రేడియో తరంగములే దానికి శక్తినిచ్చును. అప్పుడు 15 అంకెల సంఖ్య యొకటి కనబడును. పిలుచు తరంగము లేనిచో మౌనము, పిలిచినచో తన పేరు చెప్పుట: రేడియో వినువారికి ఈ విద్య వింత గాదు.

రెండవది రేబీసు టీకా. ఇది చిప్ వేసిన పిదపనే వేయవలెను. భైరవునకు అంతకుముందు ఏటేట టీకాలు వేయించియుంటిమి. చిప్ లేని కుక్కకు వేసినవి గనుక అవి లెక్కకు రాలేదు. ఏ కుక్కకు వేసితిరో నిరూపింపలేని టీకా వేయనిదానితో సమానము. మూడవది రక్తపరీక్ష. టీకా వేసిన 30 దినములకు తక్కువ కాకుండ రక్తము తీసి, ఆమోదము పొందిన ప్రయోగశాలకు పంపవలెను. వ్యాధి నెదుర్కొను శక్తి మిల్లీలీటరునకు 0.5 అంతర్జాతీయ ప్రమాణమునకు తగ్గరాదు. నాలుగవది నిరీక్షణము. రక్తము తీసిన దినమునుండి మూడు నెలలు గడువవలెను. ఆలోపల వ్యాధి దాగియున్నచో బయటపడునని దాని భావము. ఐదవది బద్దెపురుగుల మందు. ఆ దేశమున లేని యొక జాతి బద్దెపురుగు మనుష్యుల కాలేయమునకు ప్రాణాపాయము కలిగించునది గనుక, అచట దిగుటకు 24 గంటలకు తక్కువ గాని 120 గంటలకు ఎక్కువ గాని కాకుండ, పశువైద్యుని చేతిమీదుగా మందు మ్రింగించి, గంటతో సహా పత్రమున వ్రాయింపవలెను.

ఎంత త్వరపడినను ఈ పనులన్నిటికి నాలుగు నెలలు పట్టును. చివరి వారమున ఏ ధనవంతుడును ఈ నాలుగు నెలలను కొనజాలడు.

మా మనుమరాలు ఆ 15 అంకెలను ఎక్కాలవలె కంఠస్థము చేసినది. ప్రయోగశాలకు పంపు పత్రమును గుమాస్తా నింపి యిచ్చినప్పుడు, పిల్ల దానిని చూచుచు వల్లించి, "పదో అంకె, పదకొండో అంకె తారుమారయ్యాయి" అని పట్టుకొనినది. అటులే పోయియున్నచో ఆ రక్తము లోకమున లేని కుక్క రక్తమై, ఆ నిరీక్షణమంతయు వ్యర్థమై యుండెడిది. కంఠస్థవిద్య నేడు పనికిరాదనువారికి ఈ సంగతి మనవి చేయుచున్నాను.

ఈ నెలలలో జరిగిన మరియొక పని పెట్టె నలవాటు చేయుట. విమానమున జంతువుల రవాణాకు అంతర్జాతీయ నియమములు కలవు. కుక్క తల వంచక నిలుచుటకును, చుట్టు తిరుగుటకును, కాళ్ళు చాచి పండుకొనుటకును చాలినంత పెట్టె కావలెను. గాలి యాడవలెను. తలుపు తెరవకయే నీరు పోయగల పాత్ర యుండవలెను. ఈ పెట్టెను మేము నాలుగు నెలల ముందే తెచ్చి, తలుపు తీసి, నడియింటిలో నుంచితిమి. మొదటి వారము వాడు దానిని చుట్టి పోయెడివాడు. కోడలు తన పాత నూలుచీర యొకటి లోపల పరచినది. మూడవ వారమునకు మధ్యాహ్ననిద్ర అందే. రెండవ నెలలో రాత్రియంతయు తలుపు మూసినను వానికి చీకు చింత లేదు. ప్రయాణపు నాడు మత్తుమందిచ్చిన మేలుగదా యని కొందరు సలహా యిచ్చిరి. పశువైద్యులు గట్టిగా వారించిరి. ఆకాశమున మత్తు ఊపిరిని, రక్తపుపోటును కలతపెట్టవచ్చును. నిలదొక్కుకొనలేక పడిన కుక్కను లేపువారెవరును అచట నుండరు. అలవాటే వానికి మేలైన మందు.

ఇక ప్రయాణపు వారము. కుమారుడు అంతకుముందే వెళ్ళియుండెను. కోడలు, పిల్ల బుధవారము రాత్రి. కుక్కయు అదే రాత్రి సరకుల విమానశాఖ ద్వారా. ఇంగ్లాండునకు కుక్కను ప్రయాణికుల గదిలో కొనిపోనీయరు, సరకుగానే పోవలెను. సోమవారము ఉదయము 10 గంటలకు బద్దెపురుగుల మందు వేయించితిమి. బుధవారము మధ్యాహ్నము రవాణా బాధ్యత వహించిన వ్యాపారస్థులనుండి కబురు వచ్చినది. నేటి విమానమున చోటు లేదట. శుక్రవారము రాత్రి పంపుదురట. అది శనివారము ఇంగ్లాండులో మధ్యాహ్నము ఒంటిగంటకు, అనగా మన సాయంకాలము ఆరున్నరకు దిగును.

కోడలు నిలుచున్నపాటున వ్రేళ్ళమీద లెక్కించినది. "సోమవారం పదింటి నుంచి నూట ఇరవై గంటలంటే శనివారం పదింటికి అయిపోతుంది. ఎనిమిదిన్నర గంటలు దాటిపోతుంది, మామయ్యగారూ!" ఆ వ్యాపారస్థులు ఆ సంగతి చెప్పనే లేదు. గడువు మీరి దిగినచో కుక్కను తిరుగుటపాలో వెనుకకు పంపవచ్చును, లేదా మన ఖర్చున క్వారంటీనులో నుంచవచ్చును. టిక్కెట్లు మానుకొందునాయని ఆమె తడబడుచుండగా, "మీరు వెళ్ళండమ్మా, వాణ్ణి నేను పంపుతాను. మళ్ళీ మందు వేయిద్దాం" అంటిని. యజమాని ప్రయాణమునకును కుక్క ప్రయాణమునకును ఐదు దినములకు మించి ఎడమున్నచో అది వ్యాపారపు సరకుగా ఎంచబడును; మా యెడము రెండు దినములే. ఆ రాత్రి విమానాశ్రయమున పిల్ల నా చేతిలో నొక కాగితము పెట్టినది. అందు 15 అంకెలు. "తాతయ్యా, ఇవి సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి."

గురువారము సాయంకాలము 5 గంటలకు వైద్యుడు రెండవమారు మందు వేసెను. శనివారము ఆరున్నరకు 49½ గంటలు, గడువులోనిదే. పత్రమున క్రొత్త తేదీయు గంటయు వ్రాయించి, శుక్రవారము ఉదయము హైదరాబాదులోని కేంద్రప్రభుత్వ జంతు క్వారంటీను కార్యాలయమున చూపితిని. అచటి అధికారి పరికరమును వాని మెడపై నుంచెను. అంకెలు వెలుగుచుండగా నేను కాగితము చూచుచు బిగ్గరగా చదివితిని. పదునైదును సరిపోయినవి. అప్పుడు ముద్ర పడినది.

నాలుగు గంటలకు సరకుల శాలలో వాని నప్పగించితిని. వాడు తనంతట పెట్టెలోనికి పోయి, చీరమీద మూడుమారులు తిరిగి, ముక్కు కాళ్ళలో దాచుకొని పండుకొనెను. నాలుగు నెలల శ్రమ అంతయు ఆ మూడు చుట్లలో ఫలించినదని నాకు తోచినది. తలుపు బిగించిన పిదప కమ్మీల నడుమనుండి వ్రేలు పెట్టగా నాకెను. ఇంటికి వచ్చి, వాని నీళ్ళ గిన్నెను కడిగి బోర్లించితిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నడుమ నొక ఎడారి నగరమున ఏడు గంటలకు పైగా మజిలీ. పిదప మరల విమానము. హీత్రో విమానాశ్రయమున లండన్ నగర కార్పొరేషనువారు నడుపు జంతుస్వీకరణ కేంద్రమొకటి కలదు. అచట పత్రములను, చిప్‌ను, కుక్కను మూడింటిని ఒకదానితో నొకటి సరిచూతురు. నాలుగు గంటలకు వాని విడిచిరి. నాచేత విడువబడిన 30 గంటలకు వాడు మనుమరాలి చేతికి చేరెను. టెలిఫోనులో పిల్ల మాటలు నాకు వినబడలేదు. వాని కేక లంత బిగ్గరగా నుండెను.

తరువాతి సంగతులు క్లుప్తముగా చెప్పెదను. రెండు దినములు వాడు నిద్రించుటయే గాని తినలేదు. మూడవ దినమున పెరుగన్నము పెట్టగా పళ్ళెము నాకెను. ఆ దేశమున 2016నుండి ప్రతి కుక్కకు చిప్ ఉండితీరవలెను. యజమాని చిరునామా ఆ సంఖ్యతో నమోదు కావలెను. వీధిలో కుక్క చేసిన మలమును యజమానియే ఎత్తవలెను. ఈ నియమములు మన నగరములకును వచ్చిన మేలుగదా యని నా ఆశ.

నేనెదురుచూడని లాభమొకటి కలిగినది. ఆ కుక్కకు తెలుగు తప్ప వేరు భాష రాదు. "రా", "కూర్చో", "వద్దు", "అన్నం తిందువుగాని రా" అన్నచో తెలియును. ఇంగ్లీషున చెప్పినచో చెవులు రిక్కించి ఊరకుండును. పాఠశాలలో దినమంతయు ఇంగ్లీషు పలికి వచ్చు పిల్ల ఇంటికి రాగానే వానితో తెలుగున మాటలాడవలసినదే. తల్లిదండ్రులతో సగము సగము మాటలతో సరిపెట్టవచ్చును. వానితో వీలు పడదు. ప్రక్కయింటి ముదుసలి ఇంగ్లీషువాడును వానిని "రా రా" అని పిలుచుట నేర్చెనట.

తుదకు రెండు మాటలు. అన్ని కుక్కలను కొనిపోవలెనని నేను చెప్పను. చప్పిడిముక్కు జాతులకు విమానమున ఊపిరాడుట కష్టము. అనేక విమానసంస్థలు వానిని ఎక్కించుకొనవు. మిక్కిలి ముసలివానిని, రోగముతో నున్నవానిని అంత దూరము పంపుట దయ కాదు. నా మిత్రుడొకడు విదేశమునకు పోవుచు పదునాలుగేండ్ల కుక్కను తన అన్నగారి యింట నుంచెను. ఐతే అంతకుముందు మూడు నెలలు ప్రతి ఆదివారము దానిని అచటికి తీసికొనిపోయి, తుదినెలలో రాత్రులు అచటనే పరుండబెట్టి, దాని పళ్ళెము, పరుపు, మందుల చీటి అప్పగించి పోయెను. అది విడుచుట కాదు, అప్పగించుట. ఆ కుక్క ఏ గుమ్మమువద్దను కాచుకొని యుండలేదు.

కావున విదేశోద్యోగపు ఉత్తరము అందిన దినముననే, వీసా సంగతి విచారించుటకు ముందే, మీ కుక్కను గూర్చి నిశ్చయించుకొనుడు. కొనిపోవుదురా, పశువైద్యునివద్దకు ఆ వారముననే పొండు. పోవు దేశపు నియమములు ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క తీరున నుండును గనుక, ఆ దేశ ప్రభుత్వపు నియమావళినే చదువుడు. వ్యాపారస్థుల మాటమీద ఆధారపడకుడు. అప్పగింతురా, అప్పగింపబోవు ఇంటిని దానికి నేడే చూపుడు. "విడువను" అను మాట ధర్మరాజునకు ఒక్క క్షణపు పని. మనకది నాలుగు నెలల పని. పనిగా చేసినప్పుడే ఆ మాట నిలుచును.

సెలవు.